ల్యాబుకు తాళం తీసే మనిషిని ఇవ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు బడుల్లో కంప్యూటరు చెప్పే బోధకుల తరఫున నమస్కారాలు.

బోధకుల పోస్టుల కోసం మేమిచ్చిన వినతిపత్రాల మీద ముద్రలు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఇప్పుడు 2026-27 నుంచి మూడో తరగతి మొదలు ఏఐ (కృత్రిమ మేధ) పాఠాలంటున్నారు. చాలా సంతోషం. చెప్పేదెవరండీ?

ఐసీటీ ల్యాబు, అంటే బడి కంప్యూటరు గది లెక్క మీకు తెలిసిందే. పెట్టడానికి ముందు 6.40 లక్షల రూపాయలు, ఆపైన నడపడానికి ఏటా 2.40 లక్షలు, అదీ ఐదేళ్ళు. నెలకు 20 వేలు పడుతుంది. కరెంటు, ఇంటర్నెట్టు, బోధకుడి జీతం అన్నీ అందులోనే. గడువు తీరగానే ల్యాబు నడిపే ఒప్పందం పోతుంది, దాంతోపాటే మనిషీ పోతాడు. తాళంచెవి లెక్కల మాస్టారి జేబులోకి వెళ్తుంది. ఆయన పీరియడ్లు ఆయనకే సరిపోవు.

తాళం పడ్డ ల్యాబులో మొదట చచ్చేవి యూపీఎస్ బ్యాటరీలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని చార్జింగు లేకుండా నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత రాత్రంతా చార్జింగు పెట్టినా పది నిమిషాలు నిలవదు. నీళ్ళు పోసే రకమైతే నెలకోసారి మూత తీసి చూసి, పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి, చార్జింగులో ఉంచితే చాలు. ఆ పని ఎవరి జాబితాలోనూ లేదు.

తర్వాత కంప్యూటరు లోపలి మదర్‌బోర్డు మీద, గడియారాన్ని నడిపే, రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్2032 సెల్లు. అది అయిపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజరు అడ్డుపడుతుంది. బడివాళ్ళు ‘నెట్ రావట్లేదు’ అని కంప్లయింటు రాస్తారు. లైన్‌మన్ వచ్చి, లైను బాగానే ఉందని వెళ్ళిపోతాడు. వంద రూపాయల్లోపు సెల్లు మార్చి తేదీ సరిచేస్తే తీరిపోయే పనికి గది గదంతా మూతబడుతోంది.

విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పాత యంత్రాలు విండోస్ 11 తీసుకోవు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే వాటిలో, పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే స్క్రాచ్ హాయిగా నడుస్తుంది. ఒక్కో యంత్రానికి గంట పని. వేసే మనిషి ఏడీ?

ఏఐ పాఠానికైతే యంత్రం కంటే మనిషే ముఖ్యం. మామిడిపండ్ల ఫొటోలు యాభై, జీడిపండ్లవి యాభై ఇచ్చి పిల్లలతో మోడల్‌కు, అంటే ఫొటో చూసి పేరు చెప్పే ఏఐ ప్రోగ్రాముకు, నేర్పిద్దాం. జీడిపండ్లన్నీ ఎర్రవే అయితే, రేపు పసుపు జీడిపండు చూపిస్తే అది మామిడి అనేయొచ్చు. అక్కడ ఆగి, ‘మనం ఏ ఫొటోలు ఇవ్వలేదు?’ అని అడగాలి. అదే అసలు పాఠం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లకు ఆ ప్రశ్న తనకు తెలిసిన మాటల్లో అందాలి. రెండు రోజుల శిక్షణతో అది ఎవరికీ రాదు.

అందుకే వేడుకుంటున్నాం. బోధకుడి పోస్టును ల్యాబు ఒప్పందం నుంచి విడదీయండి. బడి పోస్టుగా మంజూరు చేయండి. ఎంసీఏ, బీటెక్ చదివినవాళ్ళు ఈ ఊళ్ళలోనే ఉన్నారు. ఐదేళ్ళ తర్వాత ఏమిటో తెలియక విశాఖ రైలెక్కుతున్నారు. బడికొకరు కుదరకపోతే క్లస్టరుకు (దగ్గరి బడుల గుంపుకు) ఒకరినైనా ఇవ్వండి, కానీ పోస్టు ఇవ్వండి. సెలవులయ్యి బడులు తెరిచేసరికి ల్యాబు తాళం తీసే మనిషి ఉండాలి. ఈసారైనా దయచేసి జవాబు రాయండి.

ఇట్లు,
గజపతి, రాయగడ జిల్లాల కంప్యూటరు బోధకులు