హరికేన్ సీజన్‌కి మా ఇంటిని సిద్ధం చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు

జూన్ 1న హరికేన్ సీజన్ మొదలవుతుంది. అంతకు ముందే మా ఇంట్లో జనరేటర్, ఏసీలు, బ్రేకర్ ప్యానెల్ అన్నీ సిద్ధమైపోయాయి. మేము డబ్బు పెట్టి కొన్నవి కొన్నే. మిగతాదంతా మీరు మీ శని, ఆదివారాలు వదులుకుని మా గ్యారేజీలో, అటక మీద, ఎండలో నిలబడి చేసిపెట్టిందే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను గానీ తృప్తి కలగలేదు. నలుగురికీ తెలియాలని ఇలా రాస్తున్నాను. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు.

హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళకి 2024 జూలై గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 8వ తేదీన టెక్సస్‌లోని మాటగోర్డా దగ్గర తీరం దాటినప్పుడు బెరిల్ హరికేన్ కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికంటే కింది స్థాయి మాత్రమే. అయినా 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గాలీవానా త్వరగానే వెళ్ళిపోయాయి. ఆ వెనకాలే వచ్చిన ఎండ మనుషుల్ని కాల్చుకుతింది. చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు, ఆ వేడికి తట్టుకోలేక చనిపోయిన పెద్దవాళ్ళున్నారు. మాతోనే ఉంటున్న మా మామయ్యగారికి షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. ఇంట్లో 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. అప్పుడు మా అందరినీ కారెక్కించుకుని తీసుకెళ్ళి, పిల్లల గది ఖాళీ చేయించి ఆయనకిచ్చిన అక్కకీ బావగారికీ మొదటి నమస్కారం. మీ ఇంట్లో కరెంటు ఉంది కాబట్టి ఆ వారం మామయ్యగారు గట్టెక్కారు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మా ఇంట్లోనే ఆయనకో చల్లని గది ఉండాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

సలహా అడిగితే, ఇల్లంతా నడిపే స్టాండ్‌బై జనరేటర్ పెట్టించుకోమని చాలామంది చెప్పారు. పెట్టించుకోగలిగినవాళ్ళకి అది మంచి సలహాయే. మాకు అంత స్తోమత లేదు. నాతో పాటు ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు మాత్రం కాగితం, పెన్ను ముందు పెట్టుకుని, "అక్కా, కరెంటు లేనప్పుడు ఏది ఆగిపోతే మీకు ప్రమాదమో అది చెప్పండి, ఏది ఆగిపోతే విసుగో అది తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో లెక్క మొత్తం మారిపోయింది. మామయ్యగారి గది, ఫ్రిజ్, నాలుగు లైట్లు, ఫోన్లు, ఇంటర్నెట్. అంతకు మించి నిజంగా అవసరమైనవేమీ లేవు.

వాట్ మీటర్ తెచ్చి ఒక్కో ప్లగ్‌కీ పెట్టి కొలిచాడు. 6,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) విండో ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 500 వాట్లు తీసుకుంటుంది. ఫ్రిజ్ దానికంటే తక్కువే, కాకపోతే కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఒక్కసారిగా ఎన్నో రెట్లు లాగుతుంది, జనరేటర్ ఆ క్షణాన్ని తట్టుకోవాలి. మా సెంట్రల్ ఏసీ 4 టన్నులది. నడవడానికే దాదాపు 4,000 వాట్లు కావాలి. సాఫ్ట్ స్టార్టర్ పెడితే మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు బాగా తగ్గుతుంది గానీ ఆ తర్వాత గంట గంటకీ తాగే పెట్రోలు తగ్గదని వివరంగా చెప్పాడు. తుపాను తర్వాత బంకుల దగ్గర ఎలాంటి లైన్లు ఉంటాయో మనందరం చూశాం. జనరేటర్ కొనేటప్పుడు అందరం దాని వాట్లే చూస్తాం, దాన్ని ఎన్ని రోజులు నడపగలమో ఆలోచించం. తమ్ముడు రెండోదాని నుంచి మొదలుపెట్టాడు. అందుకే ప్రొపేన్ (సిలిండర్‌లో వచ్చే గ్యాస్) మీద కూడా నడిచే మధ్యరకం జనరేటర్, రెండు విండో ఏసీలు సరిపోతాయని తేల్చాం. ప్రొపేన్ మీద వాట్లు కొంచెం తగ్గుతాయి, అయినా పెట్రోలులా నిలవుంటే పాడైపోదు. గొట్టంతో పెట్టే పోర్టబుల్ ఏసీ కొందామనుకుంటే అతనే వద్దన్నాడు. ఒకే గొట్టం ఉన్న రకం గదిలో గాలినే బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి తలుపు సందుల్లోంచి వేడిగాలి వస్తుంది. అదే కరెంటుతో విండో ఏసీ గదిని ఎక్కువ చల్లబరుస్తుంది.

టాక్స్ లేకుండా కొనుక్కునే రోజులు గుర్తుచేసిన వదినకి కూడా థాంక్స్. టెక్సస్‌లో ఏప్రిల్ చివర్లో ఒక వారాంతం 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లకీ, మే చివర్లో మెమోరియల్ డే వారాంతంలో ఎనర్జీ స్టార్ గుర్తున్న (కరెంటు తక్కువ వాడే) ఏసీలకీ సేల్స్ టాక్స్ ఉండదు.

ఇక మా పక్కింటి పెద్దాయన. రిటైరైన లైన్‌మన్. ఈ పోస్ట్ ఆయన చదవలేరు, అయినా మా పిల్లలు చదివి వినిపించి అర్థం చెబుతారు. జనరేటర్ డబ్బా ఇంకా విప్పకముందే కంచె అవతలి నుంచి వచ్చి, దాన్ని ఇంటికి ఎలా కలపబోతున్నారని అడిగారు. కొందరు రెండు వైపులా పిన్నులున్న వైరు చేయించుకుని బట్టలారబెట్టే డ్రయర్ ప్లగ్‌లో గుచ్చేస్తారని, తన సర్వీసులో ఆయన్ని అన్నిటికంటే భయపెట్టింది అదేనని చెప్పారు. మెయిన్ బ్రేకర్ ఆపకుండా అలా చేస్తే మన 240 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్ళి, అటు వైపు వేల వోల్టులుగా బయటికొస్తాయి. లైన్ చచ్చిపోయిందనుకుని స్తంభమెక్కిన మనిషి దాన్ని ముట్టుకుంటాడు. మనకు కరెంటు తెప్పించడానికి వచ్చినవాడు మన వల్ల చనిపోతాడన్నమాట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది. నేను ఇంకేమీ అడగలేదు.

ఆయన పట్టుబట్టబట్టే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆ అన్నగారు పర్మిట్ తీసుకుని, బయట గోడకి జనరేటర్ వైరు గుచ్చే 30 ఆంపుల ఇన్లెట్ బాక్సు, లోపల ప్యానెల్‌కి ఇంటర్‌లాక్ పెట్టారు. ఇంటర్‌లాక్ అంటే చిన్న జారుడు రేకు, అంతే. మెయిన్ బ్రేకర్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్ పైకి లేవదు, రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండే వీలే లేదు. సామాను ఖర్చు, పర్మిట్ ఫీజు తప్ప పైసా తీసుకోలేదు. పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడి ఏసీ బోర్డులు కాలిపోతాయని, ఇల్లంతటికీ పనిచేసే సర్జ్ ప్రొటెక్టర్ కూడా అదే ప్యానెల్‌లో బిగించారు. వాళ్ళబ్బాయి హైస్కూల్ పిల్లాడు. మధ్యాహ్నమంతా మాతో కూర్చుని ఒక్కో బ్రేకరూ ఆపి, ఏ గదిలో ఏది ఆరిపోయిందో చూసి, ప్యానెల్ తలుపు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించాడు. మా అత్తయ్యగారు ఇప్పుడు ఎవరి సాయం లేకుండా అది చదివి సరైన బ్రేకర్ వేయగలరు. నాన్నా, నీకు మంచి భవిష్యత్తు ఉంది.

ఏసీ పని తెలిసిన ఆ కుర్రాడి గురించి ఎంత రాసినా తక్కువే. రోజంతా ఊరి అటకల్లో పనిచేసి వచ్చి, సాయంత్రం మా అటక ఎక్కాడు. అక్కడ ఆ వేళకి ఎంత ఉడుకు ఉంటుందో హ్యూస్టన్ వాళ్ళకి తెలుసు. ఏసీలోంచి నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్ పైపు సగం పూడిపోయి ఉంది. అది నిండితే ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపేస్తుంది, మనమేమో తుపానుకి మెషీన్ చెడిపోయిందనుకుంటాం. పైపు శుభ్రం చేసి, నెలనెలా అందులో కాస్త వెనిగర్ పోయమని అత్తయ్యగారికి అప్పగించాడు. బయటి యూనిట్ కాయిల్ కడిగాడు, నీరసించిన కెపాసిటర్ మార్చాడు, యూనిట్‌ని కింది దిమ్మకి పట్టీలతో బిగించాడు. తుపాను వచ్చేముందు ఇంటిని బాగా చల్లబరిచి, గాలి పెరిగేసరికి ఏసీ బ్రేకర్ ఆపేయమన్నాడు. కరెంటు వచ్చాక కూడా ముందు ఫ్యాన్‌లో కొమ్మలు, చెత్త ఇరుక్కున్నాయేమో చూసి, కొన్ని నిమిషాలు ఆగి వేయాలట. వరద నీళ్ళు యూనిట్‌ని తాకితే తనను పిలిచేదాకా అసలు ముట్టుకోవద్దన్నాడు. విండో ఏసీని కూడా గాలి తగ్గాకే కిటికీలో పెట్టమని, అంతవరకు నిటారుగా నిలబెట్టి ఉంచమని చెప్పి, మాతోనే ఒకసారి బిగింపించి, విప్పించాడు.

నర్సుగా చేసే మా వదిన మందుల సంగతి చూసుకుంది. ఇన్సులిన్ గడ్డకట్టినా పాడైపోతుంది కాబట్టి నేరుగా ఐస్ మీద పెట్టకూడదు, వాడుతున్న ఇన్సులిన్ పెన్ను ఉన్నచోట 86 డిగ్రీలు దాటకూడదు. ఫ్రిజ్ తలుపు తీయకపోతే 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లగా ఉంటాయని, ఆ లెక్కన జనరేటర్‌ని రోజంతా నడపక్కర్లేదని చెప్పింది. గది 90 దాటాక ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా. ఫ్రిజ్‌లో ఒకటి, మామయ్యగారి మంచం పక్కన ఒకటి థర్మామీటర్లు పెట్టింది. చల్లదనం లేకపోతే ఆరోగ్యం దెబ్బతినేవాళ్ళ కోసం టెక్సస్‌లో కరెంటు కంపెనీకి ఇచ్చే ఫారం ఒకటుంది, డాక్టరు సంతకం కావాలి. అది కూడా వదినే నింపించింది. ఆ ఫారం ఇచ్చినంత మాత్రాన కరెంటు ఆగకుండా ఉంటుందన్న హామీ ఏమీ లేదని, అందుకే జనరేటర్ ఏర్పాటు మానొద్దని కూడా చెప్పింది.

మీరంతా వేరువేరు రోజుల్లో వచ్చారు, ఒకరికొకరు తెలియదు. అయినా అందరూ ఒకే మాట చెప్పి వెళ్ళారు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం అవతలి వైపుకి తిరిగి ఉండాలి. తలుపు తెరిచినా సరే, గ్యారేజీలో పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. బెరిల్ తర్వాత మన ఊళ్ళోనే దానివల్ల ప్రాణాలు పోయాయి. అలారాలు ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా పెట్టాం, అన్నీ బ్యాటరీతో పనిచేసేవే. పెట్రోలు పోయాలంటే ఇంజన్ ఆపి చల్లారాకే పోస్తాం. కరెంటు లేనప్పుడు గ్యారేజీ తలుపు ఎత్తడానికి లాగే ఎర్ర తాడు ఎక్కడుందో మా చిన్నదానికి కూడా చూపించాం. ఇంత శ్రద్ధగా మాకు జాగ్రత్తలు చెప్పినందుకు, మా పిల్లల తరఫున మీకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

మొన్న మెయిన్ ఆపేసి, నిజంగా కరెంటు పోయినట్టే అన్నీ నడిపి చూశాం. మామయ్యగారి గది 76 డిగ్రీల దగ్గర నిలబడింది. ఆయన పేపరు చదువుకుంటూ హాయిగా నిద్రపోయారు. ఆయనే నాతో, "వాళ్ళందరికీ నా ఆశీస్సులు రాయమ్మా" అన్నారు. రాశాను మామయ్యా.

సీజన్ నవంబర్ 30 వరకు ఉంటుంది. ఈలోపు మన వీధుల్లో కరెంటు పోతే మా రెండో ఏసీ ఉన్న గది మీదే అనుకోండి. పసిపిల్లలున్నవాళ్ళు, పెద్దవాళ్ళున్నవాళ్ళు, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందులున్నవాళ్ళు అడగాలా వద్దా అని మొహమాటపడకుండా వచ్చేయండి. ఫ్రిజ్‌లో పై అర మీ మందులకే ఉంచుతాం. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున 10 గంటలకి జనరేటర్‌ని లోడ్ మీద, అంటే ఏసీ, ఫ్రిజ్‌లాంటివి తగిలించి కాసేపు నడుపుతాం. ఇంట్లో జనరేటర్ ఉండి కూడా ఇంతవరకు స్టార్ట్ చేసి చూడనివాళ్ళు ఆ రోజు రండి, పక్కింటి పెద్దాయన కూడా వస్తానన్నారు.