వ్యంగ్య నాటికకు ధైర్యం ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

బ్రిటిష్ రాజకీయ హాస్యం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. బెంగళూరు తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ వేసే నాటికల్లో అంత పదును ఎందుకు కనబడదని వ్యాసకర్త అడిగారు. మనవాళ్లకు ధైర్యం చాలదని జవాబు కూడా ఆయనే ఇచ్చారు. ఆ జవాబు మేం ఒప్పుకోలేం. మాస్టర్ హిరణ్ణయ్య ‘లంచావతార’ కన్నడ నాటకాన్ని దశాబ్దాల పాటు ఆడి, అధికారంలో ఉన్నవాళ్లను ఎదురుగానే కడిగేసిన ఊరు ఇది. లోపం పనితనంలో ఉంది. అది నేర్చుకుంటే వచ్చేదే కనక ఈ ఉత్తరం రాస్తున్నాం.

బ్రిటన్‌లో కూడా ధైర్యం ఒక్కటే పని చెయ్యలేదు. 1737 చట్టం మొదలు 1968 దాకా అక్కడ ప్రతి కొత్త నాటకం రాతప్రతినీ రాజదర్బారు అధికారి అయిన లార్డ్ చాంబర్లిన్ కార్యాలయానికి పంపి అనుమతి తెచ్చుకోవాలి. 1960లో ఎడిన్‌బరోలో ‘బియాండ్ ద ఫ్రింజ్’ అనే హాస్య ప్రదర్శన ఆడిన నలుగురిలో ఒకడైన పీటర్ కుక్, మరుసటి ఏడాది లండన్ సోహోలో ‘ది ఎస్టాబ్లిష్‌మెంట్’ అనే వ్యంగ్య వేదిక తెరిచాడు. దాన్ని సభ్యుల క్లబ్బుగా పెట్టాడు కాబట్టి సెన్సారు చెయ్యి అక్కడికి చేరలేదు. తెగువకు తోడు ఉపాయం కూడా ఉందన్నమాట.

మన సంఘాలు ఎక్కువగా మోజుపడేది ‘యెస్ మినిస్టర్’ అనే టీవీ హాస్య ధారావాహిక మీద. 1980 ఫిబ్రవరిలో బీబీసీ రెండో ఛానెల్లో మొదలైంది. మంత్రి జిమ్ హ్యాకర్, శాఖ పర్మనెంట్ సెక్రటరీ సర్ హంఫ్రీ, ఇద్దరి మధ్యా నలిగే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్. ముగ్గురు మనుషులు, ఒక గది. చూస్తే తేలిక, దించితే విరిగిపోతుంది. విరిగేది ఎక్కడంటే, హంఫ్రీ బలమంతా అతని కుర్చీ కదలకపోవడంలో ఉంది. మంత్రులు వస్తారు, పోతారు, అతను ఉంటాడు. మన దగ్గర కార్యదర్శిని ప్రభుత్వం గడువుకు ముందే బదిలీ చెయ్యడం మామూలే. హంఫ్రీని ఉన్నవాణ్ని ఉన్నట్టు ఐఏఎస్ అధికారిగా మారిస్తే, “ఈయన్ని మార్చి పారెయ్యొచ్చుగా?” అన్న ప్రశ్న రెండో నిమిషంలోనే ప్రేక్షకుడికి తడుతుంది. అక్కడితో నాటిక కూలిపోతుంది. మన ఆఫీసుల్లో కదలని మనిషి ఇంకా కింద ఉంటాడు. ఫైల్లో నోట్ (పైవాళ్లకు సలహా) రాసే సెక్షన్ ఆఫీసరు, పాత జీవోలన్నీ నోటికి వచ్చిన సూపరింటెండెంటు. హంఫ్రీ మాటలు ఆ కుర్చీకి ఇవ్వండి. పైన కార్యదర్శి ముగ్గురు మారినా కింద నోట్ మారకపోవడం చూపించండి. అప్పుడది మన ఆఫీసు అవుతుంది.

రాయబోయే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ‘యెస్ మినిస్టర్’ రాసిన ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ప్రధాని కార్యాలయంలో పనిచేసిన మార్షా ఫాల్కెండర్, బెర్నార్డ్ డొనహ్యూ వంటివాళ్లను అడిగి విషయం సేకరించారు. మనం కూడా రిటైరైన ఉద్యోగుల దగ్గర రెండు సాయంత్రాలు కూర్చోవాలి. కుంభకోణాలు అడక్కండి. ఒక అర్జీ ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోతుంది, ఏ దశలో ‘చర్చించండి’ అని రాసి తిప్పి పంపుతారు, ఆర్థిక శాఖ సమ్మతి అన్న మాట ఎన్ని నెలలు తింటుంది, ఇవి అడగండి. నవ్వు ఆ దారిలోనే ఉంది. పేర్లు, అసలు ఫైళ్లు మాత్రం నాటికలోకి తేకండి. నిజమైన పేరు వినగానే జనం ఆ మనిషి గురించి ఆలోచిస్తారు, పద్ధతి మరుగున పడుతుంది. హ్యాకర్‌ది ఏ పార్టీయో ఆ రచయితలు చివరిదాకా చెప్పకపోవడం వల్లే ఆ భాగాలు ఇప్పటికీ పాతబడలేదు.

ఇక భాష. ఇంగ్లీషు హాస్యంలో నవ్వించే మాట సాధారణంగా వాక్యం చివర పడుతుంది. తెలుగులో చివర కూర్చునేది క్రియ. ‘యెస్ మినిస్టర్’లో రోగులే లేని ఆసుపత్రి భాగం తీసుకోండి. 500 మంది సిబ్బంది ఉంటారు, వైద్యం జరగదు. “రోగులు ఒక్కరూ లేని ఆసుపత్రిలో 500 మంది పనిచేస్తున్నారు” అని రాస్తే మొదటి మాటకే గుట్టు బయటపడి, మిగతా వాక్యం వృథా అవుతుంది. ఇలా విరగ్గొట్టాలి: “500 మంది సిబ్బంది సార్. రికార్డులు సక్రమం, లెక్కలు సక్రమం, అంతస్తులన్నీ శుభ్రం. రోగులే లేరు.” తర్వాత రెండు సెకన్లు ఎవరూ నోరు మెదపకూడదు. ఆ ఖాళీలో మంత్రి చేతికి పెన్ను మూత పెట్టడం లాంటి చిన్న పని ఇవ్వండి. లేకపోతే కొత్త నటుడు కంగారుపడి తన మాట అందుకుంటాడు, జనం నవ్వులో అది కలిసిపోతుంది.

అదే క్రియ హంఫ్రీ పొడుగు వాక్యాలకు మాత్రం వరం. ఇంగ్లీషులో అతను ఉపవాక్యాల మీద ఉపవాక్యాలు పేర్చాలి. తెలుగులో చివరి మాట వచ్చేదాకా ఔనో కాదో తేలదు. “సదరు ప్రతిపాదనను తిరస్కరించవలసిన అవసరం ప్రస్తుతానికి లేదని శాఖ భావిస్తున్నప్పటికీ, ఆర్థిక శాఖ అభిప్రాయం అందిన పిమ్మట, పూర్వపు ఉత్తర్వులను పరిశీలించి, తదుపరి చర్య విషయమై ఒక ఉపసంఘాన్ని నియమించుటకు గల అవకాశాలను పరిశీలించవచ్చునని చెప్పుటకు వీలులేకపోలేదు సార్.” ఇలాంటివి ఒక నాటికలో రెండు చాలు; మూడోది విసుగు. ఒక్క ఊపిరికి పది, పన్నెండు మాటలు దాటకుండా ప్రతిలో గీతలు పెట్టుకోవాలి. వేగం పెంచితే జనం చప్పట్లు కొడతారు, అర్థం మాత్రం పోతుంది. నటుడు నవ్వకూడదు. తను చెప్పేది న్యాయమేనని అతను నమ్మాలి.

పిలుపుల్లో కూడా జాగ్రత్త కావాలి. హంఫ్రీ కోపంలో మర్యాద తగ్గించడు, పెంచుతాడు. మన పాత్ర ‘సార్’, ‘గారు’ ఒక్కసారి కూడా వదలకూడదు. మంత్రి నిర్ణయాన్ని ‘వివాదాస్పదం’ అంటే ఓట్లు పోతాయని, ‘సాహసోపేతం’ అంటే ఎన్నికే పోతుందని అసలు ప్రతిలో ఒక లెక్క ఉంది. ఆ రెండో మాటను వీలైనంత వినయంగా పలికితేనే మంత్రి వెనక్కి తగ్గడం నమ్మబుద్ధేస్తుంది. ఇక్కడి ప్రేక్షకుల్లో అనంతపురం, చిత్తూరు, కోస్తా వాళ్లూ ఉంటారు, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే కోలారు వాళ్లూ ఉంటారు. గుమాస్తాకో పనివాడికో యాస తగిలించి నవ్వించడం అన్యాయం. యాస పెట్టాలనుకుంటే అందరికన్నా తెలివైన పాత్రకు పెట్టండి.

మన వేదికల మీద రాజకీయ వ్యంగ్యం అంటే మిమిక్రీ అయిపోయింది. 1984 నుంచి 1996 దాకా ఐటీవీలో వచ్చిన ‘స్పిటింగ్ ఇమేజ్’ రబ్బరు బొమ్మలను చూసి అది కూడా ముఖాల హాస్యమే అనుకుంటాం. అందులో బాగా నాటుకున్న బొమ్మ లిబరల్ పార్టీ నాయకుడు డేవిడ్ స్టీల్‌ది. ఆయన్ను పొత్తులో ఉన్న ఎస్‌డీపీ పార్టీ నాయకుడు డేవిడ్ ఓవెన్ జేబులో పట్టేంత చిన్నవాడిగా చూపించారు. దెబ్బ ముక్కు మీదో గొంతు మీదో పడలేదు, ఇద్దరు నాయకుల పొత్తు మీద పడింది. గొంతు అనుకరిస్తే ఒక్క నిమిషం నవ్వుతారు. ఎవరి ముందు ఎవరు చేతులు కట్టుకుంటారో చూపిస్తే పదిహేను నిమిషాలు నడుస్తుంది.

ఇంకో ప్రమాదం మనకు బాగా తెలిసినదే. ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ అనే బీబీసీ టీవీ ధారావాహికలో ఆల్ఫ్ గార్నెట్ అనే జాతి ద్వేషిని జానీ స్పైట్ ఎగతాళి చెయ్యడానికే సృష్టించాడు, చూసినవాళ్లలో చాలామంది అతని మాటలకే చప్పట్లు కొట్టారు. మనకు గిరీశం ఉన్నాడు కదా, దగాకోరని తెలిసీ ముద్దుచేస్తాం. లంచగొండి పాత్రను మంచి నటుడికిచ్చి, మంచి మాటలన్నీ అతనికే రాస్తే గెలిచేది అతనే. అతని వల్ల నష్టపోయే మనిషి ఒక్కరైనా వేదిక మీద ఉండాలి. ఆ మనిషికి మూడు మాటలు చాలు, కానీ చివరి మాట వాళ్లదే కావాలి.

తాజా వార్తల మీద విసుర్లు కావాలంటే టీవీ వార్తల ఆఫీసు మీద వచ్చిన బ్రిటిష్ హాస్య ధారావాహిక ‘డ్రాప్ ద డెడ్ డాంకీ’ పద్ధతి చూడండి. ప్రసారానికి ముందురోజు రికార్డు చేసేవారు, కాబట్టి ఆ వారం కబుర్లు ఇమిడేవి. మన నాటిక రాతలో నాలుగైదు చోట్ల ఖాళీ గళ్లు వదలండి. ముందు నటుడు అందించే మాట, తర్వాతి నటుడు అందుకునే మాట మారకూడదు. మధ్య వాక్యమే మారాలి. అలాగైతే ముందురోజు రాత్రి మార్చినా ఎవరూ తడబడరు.

హాలు అద్దె భరించలేని సంఘాలకు రేడియో పద్ధతి మేలు. 1991లో బీబీసీ రేడియో 4లో వచ్చిన ‘ఆన్ ద అవర్’ వార్తల బులెటిన్ ధ్వనినే ఎగతాళి చేసింది. సంగీతపు ముక్క, చదివేవారి గాంభీర్యం, విలేఖరి హడావుడి అన్నీ అచ్చం అసలువే. లోపలి వార్త మాత్రం అర్థం లేనిది. తెలుగు టీవీ బ్రేకింగ్ న్యూస్‌కు ఇది అచ్చంగా సరిపోతుంది. ఒకే వయసు మగ గొంతులు మూడు పెడితే వినేవాళ్లకు ఎవరెవరో తెలియదు. గొంతులు వేరు వేరుగా ఎంచుకోండి, ప్రతి మనిషిని మొదటి మాటలోనే పేరుతో పిలిపించండి.

హక్కుల మాట మరవకూడదు. ‘యెస్ మినిస్టర్’ రాతలకు కాపీరైట్ ఉంది. సంఘం లోపలి ప్రదర్శనే అనుకుని అనుమతి లేకుండా అనువదించి ఆడటం సరికాదు. హక్కుల చిక్కు లేనిది కావాలంటే జాన్ గే 1728లో రాసిన ‘ది బెగ్గర్స్ ఆపెరా’ ఉంది. మొదటి విడతలో 62 ప్రదర్శనలు ఆడింది. దొంగలు, జైలరు, దొంగసొత్తు వ్యాపారి. వాళ్ల లావాదేవీల్లో అప్పటి బ్రిటిష్ ప్రధాని వాల్‌పోల్ పాలన కనబడుతుంది. అందులోని 69 పాటల్లో ఎక్కువ భాగం అప్పటికే జనం నోళ్లలో ఉన్న వరసలకు కట్టినవే. పేరడీకి అలవాటుపడ్డ తెలుగు చెవికి ఇది పరాయిది కాదు. పన్నెండు పాటలు ఏరి, జానపద వరసలకు కట్టి, నలభై నిమిషాలకు కుదించి, ఒక హార్మోనియం, ఒక డోలక్‌తో ఆడొచ్చు. సినిమా బాణీలు వాడితే మళ్లీ హక్కుల చిక్కే.

మీ వ్యాసంలో ఒక సవరణ కావాలి. ‘యెస్ మినిస్టర్’ 38 భాగాలని వేశారు. మూడు విడతల్లో 21, 1984 క్రిస్మస్ ప్రత్యేక భాగం ఒకటి, కలిపి 22. మిగతా 16 భాగాలు 1986 నుంచి 1988 వరకు వచ్చిన ‘యెస్, ప్రైమ్ మినిస్టర్’వి. దయచేసి సరిదిద్ది వెయ్యగలరు.

ఇట్లు,
తెలుగు నాటక ప్రయోక్తలు కొందరు,
మల్లేశ్వరం, బెంగళూరు