కప్పల పేర్లు కూడా రిజిస్టరుకెక్కాలి

సంపాదకుల వారికి,

తిరుపతిలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో 26 ఏళ్లు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ప్రాక్టికల్సు దగ్గర పడ్డాయంటే కప్పలు తేవడం నా పని. రాత్రిపూట టార్చి పట్టుకుని చెరువు గట్టు వెంట పోతే, వెలుగు కళ్లలో పడగానే కప్ప కదలకుండా ఉండిపోయేది. పట్టి తడిపిన గోనెసంచిలో వేసేవాణ్ణి. మరునాడు బల్ల మీద వెల్లకిలా పరిచి పిన్నులు గుచ్చేటప్పుడు కూడా ఆ తెల్లటి పొట్ట చెమ్మగా మెరుస్తూనే ఉండేది. ఒక్క రాత్రిలో అరవై, డెబ్బై తెచ్చిన రోజులున్నాయి. పుస్తకంలో దాని పేరు ‘రానా హెక్సాడాక్టైలా’. అది తప్ప మన చుట్టూ ఇంకెన్ని రకాలున్నాయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బాకీ మనసులో ఉండే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కేరళలోని ఆనముడి శిఖరం ఎత్తు 2,695 మీటర్లు. దక్షిణాదిలో అంతకు మించిన కొండ లేదు. మబ్బులు గడ్డినీ పొదలనూ రాసుకుంటూ పోయే ఆ చోట ఉండే ఒక ఎర్రటి కప్పను 2010లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం లోకానికి పరిచయం చేసింది. శాస్త్రీయ నామం రావోర్కెస్టెస్ రెస్‌ప్లెండెన్స్. ఆ పేరులోని ‘రావు’ మన దేశంలో కప్పల అధ్యయనానికి బాట వేసిన సి.ఆర్. నారాయణరావు గారిది. ఈ కప్పకు పొట్టి కాళ్లు, ఒంటి నిండా బొడిపెలు. కనిపెట్టిననాటి లెక్కలో అది తిరిగే నేలంతా కలిపినా మూడు చదరపు కిలోమీటర్లు లేదు. నీళ్లలో గుడ్లు పెట్టదు, కొండ వెదురు పొదల మొదట్లో పెడుతుంది. తోకకప్ప దశ లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే బయటికొస్తుంది. చెరువూ కుంటా బాగుంటే కప్పలు వాటంతటవే బతుకుతాయిలే అనుకుంటాం. దీని విషయంలో ఆ మాట చెల్లదు. వెదురు పొద కొట్టేస్తే దాని పురిటిల్లు పోయినట్టే.

అదే 2010లో మన శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. ఇది ఆనముడి కాదు, ఎండలకు మాడే కొండ. అయినా తలకోన లాంటి లోయల్లో నేల ఆరని చోట్లున్నాయి. శ్రీలంకలోనే ఉందనుకున్న పొదకప్ప ఒకటి శేషాచలంలో, శ్రీలంకదే ఇంకో కప్ప పలమనేరు వైపు కనిపించాయని 2024లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ పొదకప్పల వర్గానికీ తోకకప్ప దశ ఉండదు. వాటికి కావలసింది తడి మట్టి, పొద నీడ, రాలిన ఆకులు.

పోయిన కార్తీకంలో వనభోజనాలకని కొండ దిగువన ఒక వాగు దగ్గరికి పోయాం. నీళ్ల మీద షాంపూ నురగ తేలుతోంది. దారి శుభ్రం చేస్తున్నామని ఒడ్డు పొదలన్నీ నరికి, ఆకులు కుప్పలు పోసి తగలబెట్టారు. బూడిద అంచున బొటనవేలి గోరంత కప్ప ఒకటి ఎండిపోయి పడి ఉంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. ఏ రకమో పోల్చుకోలేకపోయాను. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. నురగైనా పొగైనా దాని ఒంట్లోకి పోవాల్సిందే.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, అది ఊళ్లోని మొక్కలు, జీవుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మా దగ్గర ఒక ఆఫీసులో అడిగితే అలాంటిదొకటి ఉంటుందా అని నన్నే అడిగారు. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకున్న ఊళ్లు మనవి. అలాంటి ఊళ్ల రిజిస్టర్లలో కప్పలకు ఒక పేజీ కూడా లేకపోతే ఎలా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకూ అటవీ అధికారులకూ నా మనవి ఇదీ. వాగుల పక్కన పొదలు కొట్టడం, ఆకులు కాల్చడం వానల కాలంలో పూర్తిగా ఆపించండి. మిగతా రోజుల్లోనూ అక్కడేమున్నాయో చూశాకే కత్తి పెట్టనివ్వండి. తొలకరికి ఒకసారి, కార్తీకం వానలకు ఒకసారి కాలేజీ పిల్లల్ని రాత్రిపూట వాగుల వెంట నడిపించండి. ఒక్కో రకానిది ఒక్కో అరుపు, ఫోనులో రికార్డు చేసుకున్నా చాలు. పట్టుకోనక్కర్లేదు, కోయనక్కర్లేదు.

నాకిప్పుడు అరవై మూడేళ్లు. టార్చి పట్టుకుని ముందు నడవడానికి నేను సిద్ధం. అవి ఎక్కడ నక్కి ఉంటాయో నాకు తెలుసు.

– ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంటు, తిరుపతి