మేడే నాడు ఆగిన డాక్యుమెంటరీ, ఇంతవరకు రాని జవాబు

వరంగల్

కస్టమర్ కేర్ అధికారి గారికి,

అయ్యా,

రష్యన్ రచయిత గోర్కీ 'అమ్మ' నవల మీద డాక్యుమెంటరీ వస్తోందని, నూరేళ్లు దాటినా ఆ పుస్తకం కార్మికులకు ఎందుకు కావాలో చెబుతుందని మీరే మెసేజ్ పంపారు. దాని కోసమే ఈ ఏడాది మీ సినిమాల యాప్‌కు చందా మళ్లీ కట్టాను. అది పావుగంటకే ఆగిపోతోంది. యంత్రమన్నాక ఆగుతుంది, అర్థం చేసుకోగలను. మూడు వారాలుగా మీరు నన్ను తిప్పిన తీరునే భరించలేకపోతున్నాను.

మా బాపు 2002లో మూతపడే దాకా ఇక్కడి ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేశాడు. క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసిన 'అమ్మ' ఇప్పటికీ ఆయన దగ్గరుంది, అట్ట ఊడిపోయి. ఇప్పుడు చూపు ఆనదు, చదవలేడు. అందుకే మేడే నాడు ముగ్గురు మిల్లు దోస్తులను ఇంటికి పిలుచుకున్నాడు. నవల్లో కొడుకు పావెల్ పెద్దవాడయ్యాక తల్లి నీలోవ్నా అక్షరాలు నేర్చుకునే చోటికి రాగానే తెర మీద చక్రం తిరగడం మొదలైంది. నలుగురూ చాలాసేపు చూశారు. చాయ్ తాగి లేచారు. "మల్లెప్పుడన్న చూద్దాం తియ్" అన్నాడు బాపు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి ఎత్తి, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంది. వేసుకున్నాను. మర్నాడు ఇంకొకాయన మా నెట్‌దే తప్పన్నాడు. మిగతా సినిమాలన్నీ ఆడుతున్నాయి కదా అంటే, "నోట్ చేశాం సార్" అని పెట్టేశాడు. మూడోసారి మొత్తం మొదటినుంచి చెప్పించుకున్నారు. నాలుగోసారి ఫిర్యాదు నంబర్ చెబితే, సమస్య తీరిందని మూసేశారట. ఎవరు తీర్చారు? నన్నడిగారా? పై అధికారి 24 గంటల్లో మాట్లాడతారన్నారు. రెండు రోజులు బాత్రూంలోకి కూడా ఫోన్ పట్టుకొనే పోయాను. రాలేదు. చాట్‌లో ఏం రాసినా "మీ సంతృప్తే మాకు ముఖ్యం" అన్న ఒక్క వాక్యమే వస్తుంది. చివరికి ఒకాయన, "అంత పాతదెందుకు సార్, కొత్త సిరీస్ ఉంది చూడండి" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఆ నవల్లో చిత్తడి నేల ఎండగట్టడానికని కార్మికుల కూలిలో రూబుల్‌కు ఒక కోపెక్, అంటే నూటికి ఒకటి, కోత పెడతారు. పావెల్ అడిగితే ఫ్యాక్టరీ డైరెక్టర్ జవాబివ్వడు, పావుగంటలో పనిలోకి పోకపోతే అందరికీ జరిమానా అంటాడు. అడిగినవాడికి జవాబు లేకపోవడం పాతబడిందా?

ఫోన్లెత్తే పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకు రాసిచ్చిన మాటలే వాళ్లు చెబుతారు. రాసిచ్చిన మీ మీదే నా కోపం. నాలుగేళ్లుగా మీ చందాదారుణ్ని, మా ఇద్దరు చెల్లెళ్లతోనూ కట్టించాను. వారం రోజుల్లో ఏదో ఒకటి తేల్చండి. లేదంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. మా ఇంట్లో అందరి చందాలూ ఆపేయిస్తాను.

ఈసారి ఫోన్ చేసే అధికారి మా బాపుతోనే మాట్లాడాలి. రోజూ పొద్దుమూకంగనే "వాళ్లు ఫోన్ చేసిండ్రా?" అని అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ నాలుగేళ్ల చందాదారుడు