అరలో పెట్టకుండానే అమ్ముడుపోదంటే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

2024 మార్చి 17న ఢిల్లీలో మన బెంగళూరు జట్టు ఆర్సీబీ అమ్మాయిలు మహిళల క్రికెట్ లీగు డబ్ల్యూపీఎల్ కప్పు గెలిచారు. అప్పటికి మా అమ్మాయికి పదకొండేళ్లు. మర్నాడే కెప్టెన్ స్మృతి మంధాన పేరున్న జెర్సీ కావాలని పట్టుబట్టింది. మారతహళ్లిలో మూడు దుకాణాలు తిరిగాం, ఎక్కడా లేదు. మూడో చోట కుర్రాడు మా మాటలు విని తెలుగులోనే చెప్పాడు: "లేడీస్‌వి తెప్పించం అక్కా, పోవు. ఇది తీసుకోండి, నంబరు అదే కదా." కోహ్లీ 18 చేతిలో పెట్టాడు. స్మృతిదీ 18 నంబరే, నిజమే. మా అమ్మాయి వెనక్కి తిప్పి పేరు చూసింది, మళ్లీ మడతపెట్టి కౌంటరు మీద పెట్టేసింది.

పోవు అన్నాడు సరే, తెప్పించి తగిలించి చూసిందెప్పుడు? ఆ ఫిబ్రవరిలోనే ఇక్కడి చిన్నస్వామి స్టేడియంలో యూపీ జట్టుతో మ్యాచ్ చూశాం. మన తెలుగమ్మాయి సబ్బినేని మేఘన 53 కొట్టింది, ఆశా శోభన 5 వికెట్లు తీసింది, 2 పరుగులతో గెలిచాం. ఆ అరుపుల్లో పక్కవాళ్ల మాట వినపడలేదు. బయటికొస్తే ఫుట్‌పాత్ మీద అమ్మేవన్నీ మగవాళ్ల జెర్సీలే.

నాకూ చిన్న చీరల కొట్టుంది. కదలని సరుకులో డబ్బు ఇరుక్కుంటే ఎంత కష్టమో తెలుసు, ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కానీ కొత్త రకం చీర వస్తే మేం బొమ్మకు కట్టి గుమ్మంలో నిలబెడతాం. బీరువాలో దాచి 'ఎవరూ అడగట్లేదు' అనం. కొత్త సరుకు మొదటిసారి ఇచ్చేటప్పుడు హోల్‌సేలు వాళ్లు కూడా అమ్మినంతకే డబ్బు తీసుకుంటారు, మిగిలింది వెనక్కి పట్టుకెళ్తారు. జట్ల యజమానులు జెర్సీలను చిన్న దుకాణాలకు అలా ఇవ్వలేరా? అయిదు జట్లను 4,669.99 కోట్లకు కొన్నవాళ్లకు అదొక లెక్కా!

ప్రసార హక్కుల్లో తేడా పెద్దదే. అయిదేళ్లకు డబ్ల్యూపీఎల్‌కు 951 కోట్లు, ఐపీఎల్‌కు 48,390 కోట్లు. అది ఒక్క రోజులో పూడదు. 2016లో ప్రో కబడ్డీ పక్కన మూడు జట్లతో ఆడవాళ్ల పోటీ పెట్టి, ఒక్క సీజనుకే వదిలేశారు. అంత త్వరగా చేతులెత్తేస్తే ఏ వ్యాపారమైనా నిలబడుతుందా?

ఇంకో చిక్కు, ఊరు. 2023లో డబ్ల్యూపీఎల్ పోటీలన్నీ ముంబై, నవీ ముంబైల్లోనే జరిగాయి, 2024లో బెంగళూరు, ఢిల్లీల్లో. పది రోజులు ఆడి డేరా ఎత్తేస్తే ఇక్కడి వ్యాపారి ఏం నమ్మి సరుకు తెప్పిస్తాడు? 2025 మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా జూన్ 4న చిన్నస్వామి దగ్గర జరిగిన తొక్కిసలాట తర్వాత ఇక్కడి నుంచి నవీ ముంబైకి తరలిపోయాయి. దాన్ని తప్పుపట్టను, ప్రాణాల తర్వాతే ఆట. కానీ ప్రతి జట్టూ తన ఊళ్లో ఏటా సగం మ్యాచ్‌లైనా ఆడాలి. ఆ ప్రపంచకప్ గెలిచిన మన దేశం జట్టులోని కడప జిల్లా శ్రీచరణి గురించి మా కొట్టుకొచ్చే కడపవాళ్లు సొంతింటి పిల్లలా చెప్పుకుంటారు. డబ్ల్యూపీఎల్ 2025 సీజనుకు ఆమెను 55 లక్షలకు ఢిల్లీ తీసుకుంది. హైదరాబాదుకు, చెన్నైకి ఆ లీగులో అసలు జట్లే లేవు.

మీ పత్రికకూ ఒక మనవి. ఐపీఎల్ వస్తే గోడకు అంటించుకునేలా పేజీ నిండా షెడ్యూలు వేస్తారు. డబ్ల్యూపీఎల్‌కూ అలాగే వేయండి. మొదటి కాపీ మా కొట్టు గుమ్మంలో, చీర కట్టిన బొమ్మ పక్కనే అంటిస్తాను.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు