వంశవృక్ష బృందం తొలి ఏడాది: తప్పు తాతతో అయిదు నెలలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు, లెక్కలు కోశాధికారి విడిగా పంపారు. ఉగాదికి హాలు దొరక్క పడ్డ పాట్లు మళ్లీ ఏకరువు పెట్టను. ఈ నివేదిక ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన వంశవృక్ష బృందం గురించి.

"డార్బీలో తెలుగువాళ్ల సంఘానికి ఇంగ్లిష్ చర్చి రిజిస్టర్లతో ఏం పని?" అని మొదటి సమావేశంలోనే ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మన ఇళ్లలో ఇప్పుడు ఇంగ్లిష్ అల్లుళ్లున్నారు, కోడళ్లున్నారు, అత్తగార్లున్నారు. పిల్లలు బడికోసం వంశవృక్షం గీస్తే ఒక కొమ్మ తెనాలి వైపు పోతుంది, రెండోది పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోకి పోతుంది. తెనాలి కొమ్మ తద్దినంలో చెప్పే మూడు తరాల దగ్గర ఆగిపోతుంది, ఆపైన అడిగితే నీళ్లు నములుతాం. రెండో కొమ్మకి కాగితం ఉంది. ఆ కాగితం దగ్గరకి వెళ్లడమే మా పని.

మొదటి కేసు మన సభ్యురాలి అత్తగారిది. ఎనభై నాలుగేళ్ల మనిషి. "మావాళ్లు సీసపు గనుల్లో పనిచేసేవారట, అంతకు మించి తెలియదు" అన్నారు. ఊరి పేరు, ఇంటిపేరు రాయవద్దని కుటుంబం కోరింది, రాయడం లేదు. ఎందుకో ముందుకు వెళ్తే మీకే అర్థమవుతుంది.

ఆవిడ నుంచి వెనక్కి 1851 దాకా నడవడం రెండు కూర్చోవడాల పని. ఇంగ్లండులో 1837 జులై 1 నుంచి జనన మరణాల నమోదు ప్రభుత్వానిది, సూచికలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 1841 జనాభా లెక్కల్లో పెద్దవాళ్ల వయసు కింది అయిదు గుణిజానికి తగ్గించి రాశారు, పుట్టిన ఊరు రాయలేదు. 1851 మార్చి 30 నాటి లెక్కల్లో అసలు వయసు, పుట్టిన పారిష్ రెండూ ఉన్నాయి. అక్కడ దొరికాడు మనవాడు: సీసపు గని కూలీ, వయసు 62. అంతకు ముందు కాలానికి చర్చి రిజిస్టర్లే దిక్కు. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వుతో ప్రతి పారిష్‌లో బాప్టిజం, పెళ్లి, ఖననం రాయడం మొదలైంది. పారిష్ అంటే చర్చి ఒక్కటే కాదు. చర్చి, దాని పొలిమేర, ఆ పొలిమేర లోపలి పేదల పోషణ, అన్నీ కలిపి.

మ్యాట్‌లాక్‌లోని డార్బీషైర్ రికార్డ్ ఆఫీసులో 1788 మే నెలలో అదే పేరు, అదే ఇంటిపేరుతో బాప్టిజం దొరికింది. ఎగిరి గంతేశాం. అక్కడి నుంచి అయిదు నెలలు వెనక్కి వెళ్లాం. ఇంటిల్లిపాదీ 1680ల దాకా తేలారు. దారిలో ఒక పాప 1701 నవంబరులో పుట్టి 1701 ఫిబ్రవరిలో పోయినట్టు కనిపించి, గుమాస్తా తప్పు రాశాడని తిట్టుకున్నాం. తప్పు మాదే. 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి 1701 నవంబరు తర్వాతే 1701 ఫిబ్రవరి వచ్చేది. వసంతంలో ఏడాది మొదలుపెట్టే మనకి ఇది తట్టకపోవడం సిగ్గుచేటు.

రాత చదవడం కూడా చెప్పాలి. పాత పద్ధతి ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది, పదాలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. బృందంలో ఇంగ్లిష్ మీడియం చదువులవాళ్లందరూ తడబడుతుంటే, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక మాస్టారు గబగబా చదివేశారు. వాళ్ల తాతగారు కరణం. చిన్నప్పుడు గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజులు ఆయన చేత చదివించేవారట. "అక్షరం అక్షరం కూడబలుక్కుంటే రాదు, అదే చేత్తో రాసిన మాట ఇంకోచోట ఎలా ఉందో చూడండి" అన్నారు. అప్పటి నుంచి ఆయన లేకుండా మేం మ్యాట్‌లాక్ వెళ్లలేదు.

ఆయనే మా చెట్టు కొట్టేశారు. ఆగస్టులో ఖననాల పేజీ తిప్పుతూ, "ఇతను మనవాడేనా?" అని చూపించారు. 1790. అదే పేరు, ఫలానా వారి కొడుకు అని తండ్రి పేరుతో సహా. మా పిల్లవాడు రెండేళ్లకే పోయాడు. పోయినవాడు 1851లో గనిలో ఎలా పనిచేస్తాడు? బాప్టిజం దొరకగానే ఖననాల పుస్తకం కూడా చూడాలని మొదటి రోజు అందరికీ చెప్పింది నేనే. చూడనిదీ నేనే. ఆ అయిదు నెలల శ్రమకు సభ్యులకు క్షమాపణలు.

మళ్లీ 1788 పేజీకి వచ్చాం. నవంబరులో ఇంకొకడున్నాడు. అదే పేరు, తల్లి పేరు మాత్రమే, తండ్రి గడి లేదు. మార్జిన్‌లో చిన్న 'పి' అక్షరం. మొదటిసారి మా కళ్లు దాన్ని దాటిపోయాయి. 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్‌లో రాసే ఒక్కో పేరుకి 3 పెన్నీల పన్ను ఉండేది. పేదవాళ్లకి మినహాయింపు, ఆ మినహాయింపు గుర్తే 'పి'.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోనివారు సమావేశంలో చెప్పండి. చర్చి రిజిస్టర్ పేదమనిషికి ఒక్క పంక్తి ఇస్తుంది. మిగతా బతుకంతా ఎవరో ఖర్చు తప్పించుకోవడానికి రాసిన కాగితాల్లో ఉంటుంది. 1662 చట్టం ప్రకారం పేదవాడిని పోషించాల్సింది అతనికి నివాస హక్కు ఉన్న పారిష్. పరాయి ఊళ్లో ఏడాది పొడుగునా కొలువు చేస్తే అక్కడ హక్కు వస్తుంది కాబట్టి, చాలామంది రైతులు 51 వారాలకే పనివాళ్లను పెట్టుకునేవారు. పెళ్లికాని తల్లి బిడ్డకు పుట్టిన ఊళ్లోనే హక్కు కాబట్టి, గర్భిణిని కాన్పుకు ముందే పొలిమేర దాటించేవారు.

పారిష్ దస్తావేజులు దాచే పెట్టెలోని కాగితాల కట్టలో ఆ తల్లి వాంగ్మూలం దొరికింది. ఫోమ్ దిమ్మెల మీద పెట్టి, గుడ్డలో కుట్టిన సీసపు గుండ్ల దండతో అంచులు నొక్కి చదివాం. ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు ఆమె చెప్పిన మాటలు గుమాస్తా రాశాడు: పక్క పారిష్‌లో ఒక రైతు ఇంట్లో పాల పనికి కుదిరింది, ఏడాదికి వారం తక్కువ. కడుపుతో ఉంది. ఫలానా గని కూలీ తండ్రి. కింద ఆమె సంతకం ఇంటూ గుర్తు. ఒక గీత సన్నగా, రెండోది బలంగా నొక్కి, చివర సిరా ముద్ద. కలం పట్టడం బహుశా అదే మొదటిసారి. దానికింద ఆమెను సొంత పారిష్‌కు పంపించేయమన్న ఉత్తర్వు. తర్వాత పారిష్‌లో పేదల పోషణ చూసే ఓవర్సీర్ల చిట్టాలో తండ్రి దగ్గర వారానికి షిల్లింగున్నర వసూలు చేసిన పద్దులు. వసూలు కాని వారాలూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల తర్వాత ఒక పద్దు: పిల్లవాడికి బూట్ల జత.

ఇవన్నీ అత్తగారికి ఎలా చెప్పాలా అని కోడలు వారం రోజులు మథనపడింది. మాకు తోచింది ఆదివారం భోజనం తర్వాత చూపించడమే. ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. మేం రంగుల్లో గీసుకెళ్లిన చెట్టు బల్లమీదే ఉంది, దాని వంక చూడలేదు. "ఆ ఇంటూ గుర్తును మాత్రం పెద్దది చేసి ఇవ్వగలరా?" అన్నారు. ఇచ్చాం.

ఖర్చులు: ఆరు డిజిటల్ ప్రతులకు, ఒక్కోటి 3 పౌండ్ల చొప్పున, 18 పౌండ్లు. పెట్రోలు ఎవరిది వారే పెట్టుకున్నారు. మ్యాట్‌లాక్‌లో టీలకు మాస్టారి చేత మాత్రం డబ్బు తీయనివ్వలేదు.

వచ్చే ఏడాది రెండు కుటుంబాలు వరుసలో ఉన్నాయి. ఒకరి తాతగారి తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో సైనికుడట. అక్కడి చర్చి రిజిస్టర్ల నకళ్లు ఏటా లండన్ చేరేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖ పేజీలు తిరగేసే పని పడితే మాస్టారితో పాటు ఇంకో ఇద్దరు కావాలి.

రావాలనుకునేవారు కార్యదర్శికి చెప్పండి. పెన్నులు ఇంట్లోనే వదిలేసి రండి, లోపలికి పెన్సిల్ ఒక్కటే రానిస్తారు.

మీ కార్యదర్శి