‘చెల్లించలేం’ అని వచ్చిన ఉత్తరాన్ని పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో వయసు మీదపడిన మనవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఒంటరితనం, చలి, పిల్లలు వేరే ఊళ్లలో ఉండటం, అన్నీ బాగా రాశారు. డబ్బు సంగతి మాత్రం ‘అక్కడ ప్రభుత్వమే చూసుకుంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బ్రిటన్ వరకు నాకు తెలిసింది చెబుతాను. చూసుకుంటుంది, కానీ అడిగినవాళ్లనే. అందులోనూ ఏది ఎవరి పేరున అడగాలో తెలిసినవాళ్లను. నేను బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ పేబిల్లు సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి లెక్కలంటే నాకు విసుగు లేదు, పైగా కాస్త సరదా కూడా.

మా అక్క, బావగారు లెస్టర్‌లో ఉంటారు. ఆయనకు డెబ్బై ఎనిమిది, పార్కిన్సన్స్. అక్కకు డెబ్బై మూడు. చొక్కా గుండీలు అక్కే పెట్టాలి. రాత్రిళ్లు లేచి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మాత్ర ఒక గంట ఆలస్యమైతే చాలు, కుర్చీలోంచి లేవబోయి సగంలోనే బిగుసుకుపోతారు. అప్పుడు అక్క ఆయన ముందు నిలబడి, ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కపెడితే మెల్లగా అడుగు పడుతుంది.

ఆయనకు అటెండెన్స్ అలవెన్స్, అంటే జబ్బు వల్ల ఒకరి సాయం అవసరమైన పెద్దవాళ్లకు ఇచ్చే భత్యం, పెద్ద రేటులోనే వస్తోంది. 2025-26లో అది వారానికి 110.40 పౌండ్లు; ఈ ఉత్తరంలో చెప్పే రేట్లు, పరిమితులు అన్నీ ఆ ఏడాదివే. దానికి ఆస్తిపాస్తులు అడగరు, పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువైన పెద్దవాళ్లకు ఒక గీత దాకా ప్రభుత్వం కలిపి ఇచ్చే సొమ్ము) లెక్కలో దాన్ని ఆదాయంగా పట్టుకోరు. కానీ అక్క తన పేరున కేరర్స్ అలవెన్స్‌కి, అంటే అలాంటి మనిషిని చూసుకునేవాళ్లకు ఇచ్చే భత్యానికి మాత్రం ఏళ్ల తరబడి అప్లై చెయ్యలేదు. ‘నువ్వు అది తీసుకున్నావంటే మీ ఆయనకొచ్చే డబ్బు కోసేస్తారు’ అని గుడిలో ఎవరో చెప్పారట. ఇక్కడ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా అదే మాట తిరిగింది, చేతులు జోడించిన బొమ్మలతో సహా.

ఆ మాట ఊరికే పుట్టలేదు. పెన్షన్ క్రెడిట్ మీద ఒంటరిగా బతుకుతూ అటెండెన్స్ అలవెన్స్ తీసుకునే మనిషికి, తీవ్ర వైకల్యం కింద వారానికి 82.90 పౌండ్లు అదనంగా కలుపుతారు. ఆ మనిషిని చూసుకుంటున్నానని ఎవరైనా కేరర్స్ అలవెన్స్ తీసుకుంటే ఆ అదనం పోతుంది. కేరర్స్ అలవెన్స్ వారానికి 83.30. అంటే ఒక ఇంటికి వచ్చింది ఇంకో ఇంట్లోంచి పోయినట్టే. కాకపోతే ఇందులో రెండు మెలికలున్నాయి. కేరర్ చేతికి నిజంగా డబ్బు అందితేనే ఆ కోత. రెండోది, భార్యాభర్తలు కలిసి ఉంటే మామూలుగా ఇద్దరికీ అటెండెన్స్ అలవెన్స్ లాంటిది వస్తుంటేనే ఆ అదనం ఇస్తారు. అక్కావాళ్లకు అసలు ఆ అదనమే లేదు. ఇక కోసేదేముంది?

చివరికి అక్క కూతురు కేరర్స్ అలవెన్స్ ఫారం నింపింది. వారానికి కనీసం 35 గంటలు చూసుకోవాలన్నది షరతు, అక్కకు అది రెండు రోజుల పని. పైవయసు పరిమితి లేదు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. అక్క వీడియో కాల్‌లో ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, ‘చూశావా, రాదన్నారు, అనవసరంగా పిల్లతో రాయించావు’ అంది. తిప్పి పట్టుకోమని చదివించాను. మీకు అర్హత ఉంది, కానీ మీ స్టేట్ పెన్షన్ దీనికన్నా ఎక్కువ కాబట్టి చెల్లించలేం అని ఉంది. ఈ రెండూ కలిపి ఇవ్వరు, పెన్షన్ ఎక్కువైతే అలవెన్స్ సున్నా. ఈ స్థితిని అక్కడ అండర్‌లైయింగ్ ఎన్‌టైటిల్‌మెంట్ అంటారు. ఎంతమంది ముసలివాళ్లు దాన్ని తిరస్కరణ అనుకుని చెత్తబుట్టలో వేసి ఉంటారో! నిజానికి డబ్బులున్నది ఆ కాగితంలోనే.

లెక్క చూడండి. ఇద్దరి పెన్షన్లు కలిపి వారానికి 362 పౌండ్లు. 2025-26లో జంటకు పెన్షన్ క్రెడిట్ గీత 346.60. ఆ గీత దాటారని ఇదివరకు ఒకసారి వీళ్లకు రాదన్నారు కూడా. కేరర్ అర్హత కాగితం చూపిస్తే ఆ గీతకు 46.40 కలుపుతారు, 393 అవుతుంది. ఇప్పుడు తేడా 31 పౌండ్లు, వారం వారం. మన డబ్బుల్లో మూడున్నర వేలు. అర్హత ఉంటే మూడు నెలల వెనకటిది కూడా ఇస్తారు. పెన్షన్ క్రెడిట్ రవ్వంత వచ్చినా 75 దాటినవాళ్లకు టీవీ లైసెన్సు ఉచితం, లేకపోతే ఏడాదికి 174.50. కౌన్సిల్ ట్యాక్స్‌లో (అక్కడి ఇంటిపన్ను) తగ్గింపు, పళ్ల డాక్టరు ఖర్చు, ఇవన్నీ దాని వెనకే వస్తాయి.

గుడిలో విన్న మాట అసలు ఎక్కడ వర్తిస్తుందంటే, అక్క కూతురి దగ్గర. పాపం, నాన్నను తనూ చూసుకుంటోంది కదా అని తన పేరున కేరర్స్ అలవెన్స్ పెట్టుకుందామనుకుంది. ఒక మనిషికి ఒక్కరే కేరర్‌గా లెక్క. కూతురు తీసుకుంటే అమ్మకు ఆ 46.40 పోతుంది. అక్క మోకాళ్లు కూడా దాదాపు అయిపోయాయి. రేపు ఆమెకూ అటెండెన్స్ అలవెన్స్ వస్తే, ఇంట్లో వేరే పెద్దవాళ్లు లేకుంటే, ఆ తీవ్ర వైకల్యం అదనం ఇద్దరికీ కలిపి 165.80 వస్తుంది. అక్కది డబ్బు అందని అర్హతే కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోరు. కూతురు డబ్బు తీసుకుంటే మాత్రం అందులో సగం పోతుంది. పైగా ఆమె ఉద్యోగం చేస్తోంది. చేతికొచ్చే జీతం వారానికి 196 పౌండ్లకు మించి ఒక్క పౌండు దాటినా ఆ వారం మొత్తం అలవెన్స్ పోతుంది. అలా తెలియక దాటినవాళ్లను వేల పౌండ్లు వెనక్కి కట్టమన్నారని 2024లో అక్కడి పత్రికలు గోల గోల చేశాయి. కాబట్టి ఇంట్లో ఎవరికి వాళ్లు ఫారాలు పెట్టడం కాదు, అందరూ కూర్చుని ఎవరి పేరున పెడితే మొత్తం ఎంతవుతుందో చూసుకోవాలి. సిటిజన్స్ అడ్వైస్, ఏజ్ యూకే అనే అక్కడి సేవాసంస్థల వాళ్లు ఉచితంగానే లెక్క వేసి ఇస్తారు.

మన దగ్గర మాత్రం ఇలాంటి మెలికలు లేవా? ఆదాయపన్నులో వైకల్యం ఉన్నాయన తనే ఆ మినహాయింపు (1961 చట్టంలో 80యు) తీసుకుంటే, ఆయన్ని చూసుకుంటున్నందుకు ఇంట్లోవాళ్లకు ఇచ్చే మినహాయింపు (80డిడి) రాదు. కొత్త పన్ను విధానంలోకి వెళ్తే రెండూ లేవు.

ఇక ఈ ఉత్తరం బెంగళూరు నుంచి రాయడానికి అసలు కారణం చెబుతాను. వాళ్లు చలికాలంలో వచ్చినప్పుడల్లా, ఇంత దూరం వచ్చి నెలకే వెళ్లిపోతారా, ఉగాది దాకా ఉండండి అని మనమే బలవంతపెడతాం. అటెండెన్స్ అలవెన్స్‌కి పదమూడు వారాల దాకా ఇబ్బంది లేదు. పెన్షన్ క్రెడిట్‌కి మామూలుగా నాలుగు వారాలే. అంతకు మించి ఉండాలనే బయలుదేరితే, విమానం ఎక్కినప్పటి నుంచే ఆగిపోతుంది. ఇక్కడ వైద్యం చేయించుకోవడం లాంటి కొన్ని కారణాలకు మాత్రం సడలింపు ఉంది. రెండోది, వాళ్లు ఎప్పుడో ఇక్కడ యలహంక వైపు చవగ్గా కొని పడేసిన సైటు. ‘ఇండియాలోది కదా, వాళ్లకేం తెలుస్తుంది’ అనే సలహా ఇక్కడివాళ్లే ఇస్తారు. అదీ ఆస్తి లెక్కలోకే వస్తుంది. పది వేల పౌండ్లు దాటిన ప్రతి 500కీ వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కగడతారు. చెప్పకుండా తీసుకున్నది తర్వాత వసూలు చేస్తారు.

మీ అనుబంధంలో ఈ నాలుగు వారాల సంగతి, ఆ ‘చెల్లించలేం’ ఉత్తరం సంగతి ఒక చిన్న బాక్సుగా అయినా వేయండి. డిసెంబరు టికెట్లు కొనకముందే వస్తే ఇంకా మంచిది.

ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు